చివరిసారి లేపిందెవరు

బావ పోయిన తర్వాత వచ్చిన ఎండాకాలంలో అక్క నాకు ఫోన్ చేసి, ఇంట్లో కంప్యూటర్ దానంతట అదే లేస్తోందని చెప్పింది.

అప్పుడు నేను కోదాడలో సూర్యాపేట బస్సు కోసం నిలబడి ఉన్నాను. కోదాడలో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ఉండేది సూర్యాపేటలో. ఫోన్ ఆగిపోయినా, ప్రింటర్ కాగితం మింగినా చుట్టాలందరికీ నేను గుర్తొస్తాను. అందుకని మొదట పెద్దగా పట్టించుకోలేదు.

"ఏదన్న అప్‌డేట్ అయితుందేమో అక్కా. పూరా ఆఫ్ జేసి పెట్టు," అన్నాను.

"ఆఫ్ జెయ్య."

"ఎందుకు?"

సిమెంటు లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ మేళ్లచెరువు వైపు పోయింది. దాని చప్పుడు తగ్గాక అక్క చెప్పింది.

"మీ బావ తెరిచిపెట్టినయి అన్నీ అట్లనే ఉన్నయి దాంట్ల. ఆఫ్ జేస్తే మూసుకపోతయి. పని అయిపోంగనే పండవెట్టి వస్త నేను. ఎవ్వరు ముట్టకపోయినా మల్ల లేస్తున్నది."

కంప్యూటర్‌ను స్లీప్‌లో పెట్టడాన్ని బావ పండబెట్టడం అనేవాడు. ఆయన బతికున్న రోజుల్లో ఆ మాటకు మేమందరం నవ్వేవాళ్లం. ఇప్పుడు అక్క నోట అదే మాట విన్నాక, వచ్చిన బస్సును వదిలేసి ఇంకాసేపు మాట్లాడాను.

"పొద్దంత లేస్తదా?"

"అన్నాలు తిన్నంక, ఇల్లు సల్లబడ్డంక లేస్తది. ఒక్కోపారి దీపాలు పెట్టే యాళ్లకు."

"లేచి ఏం జేస్తది?"

"ఏం జేస్తది. సూస్తుంటది."

ఎవరు చూస్తుంటారని నేను అడగలేదు. ఆదివారం వస్తానని చెప్పి పెట్టేశాను.

అక్కావాళ్లది మిర్యాలగూడలో రైస్ మిల్లు. మిల్లు గోడను ఆనుకునే ఇల్లు. వాకిట్లో కాలు పెట్టగానే ఉడికిన వడ్ల వాసన కొడుతుంది. డాబా మీద ఆరేసిన బట్టల మీద ఊక బూడిద నల్లగా వాలుతుంది. వీధి వైపు ముందు గదిని బావ ఆఫీసు చేసుకున్నాడు. దాన్ని ఆనుకుని వాళ్లమ్మ గది. రెంటికీ నడుమ ఒక్క గోడ. ఆమెను అక్క అత్తమ్మ అంటుంది, అక్కను చూసి నేనూ అలాగే పిలుస్తాను.

అత్తమ్మ మామూలు మనిషి కాదు. భర్త పోయినప్పుడు బావ ఇంకా చదువుకుంటున్నాడట. మిల్లు అమ్మేయమని అన్నదమ్ములు చెప్పినా వినక, గొడుగు పట్టుకుని వడ్ల కళ్లంలో నిలబడి తనే నడిపించిందట. లారీ డ్రైవర్లు ఆమె ఎదుట బీడీ ముట్టించేవాళ్లు కాదని బావ చెప్పేవాడు. కొడుకు పోయిన రోజు కూడా ఆమె నలుగురిలో ఏడవలేదు. వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇచ్చారో లేదో కనుక్కుంటూ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ తర్వాత మాత్రం తన గదికే పరిమితమైంది. అన్నానికి బయటికి వచ్చి, తిని, లోపలికి పోయి తలుపు వేసుకునేది. ఆఫీసు గది గుమ్మం ఒక్కసారి కూడా తొక్కలేదని అక్క చెప్పింది.

బావ పోయింది ఆ గదిలోనే. కుర్చీలో కూర్చుని పని చేసుకుంటుండగా గుండె ఆగిపోయింది. ఆ రోజు అక్క సూర్యాపేటలో మా ఇంట్లో ఉంది. మా పాప ఓణీల ఫంక్షన్. బావ సాయంత్రానికి వస్తానన్నాడు. కబురు తెలిసి మేము మిర్యాలగూడ చేరేసరికి ఆయన్ను హాల్లో పడుకోబెట్టి ఉన్నారు. ఆ గదిలో ఏం జరిగిందో, ఎవరు మొదట చూశారో అక్క అడగలేదు. ఎవరూ చెప్పలేదు.

ఆదివారం నేను వెళ్లేసరికి అక్క వరండాలో కుర్చీ వేసుకుని ఉంది. కుర్చీ వీధి వైపు లేదు, ఆఫీసు గది తలుపు వైపు తిరిగి ఉంది. పక్కన చిన్న స్టూలు మీద ఆమె చాయ్ గ్లాసు, కళ్లద్దాల డబ్బా. అక్కడే కూర్చోవడం అలవాటైన మనిషి సరంజామా అది.

"దీని ముందర్నే కూసుంటున్నవా రోజూ?" అన్నాను.

"గాలి మంచిగొస్తది ఈడ," అంది. ఆ వరండాలో అసలు గాలి లేదు.

గదిలోకి వెళ్లాం. కిటికీలు మూసి ఉన్నాయి. బల్ల, కుర్చీ, గోడకు ఆయన తండ్రి ఫోటో, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. కంప్యూటర్ నిద్రలోనే ఉంది. బల్ల కింద దాని సీపీయూ డబ్బా మీద చిన్న దీపం ఒకటి మెల్లగా వెలిగి, మెల్లగా ఆరిపోతూ ఉంది. నేను రోజూ కాలేజీలో అలాంటివి వరసగా చూస్తాను. ఆ రోజు మాత్రం అది ఊపిరి తీస్తున్నట్టనిపించి చూపు తిప్పుకున్నాను.

స్లీప్‌లో ఉన్న కంప్యూటర్ పూర్తిగా నిద్రపోదు. మౌస్, కీబోర్డు గుచ్చే యూఎస్‌బీ కంతలకు కంట్రోలర్ అని ఒకటుంటుంది. మిగతా అంతా పడుకున్నా అది సగం కన్ను తెరిచే ఉంటుంది. తన కంతల్లో దేనికి కదలిక వచ్చినా మొత్తం యంత్రాన్ని లేపేస్తుంది. బల్ల అదిరినా చాలు, మౌస్ కదిలిందనుకుని లేచి కూర్చుంటుంది. పక్కనే మిల్లు. ఇంత చిన్న సంగతికేనా అనుకున్నాను.

"మిల్లు నడిచినప్పుడు బల్ల అదురుతుంది అక్కా. అందుకే లేస్తుంది."

"ఆదివారం మిల్లు బందే గద. ఆదివారం గూడ లేస్తది," అంది అక్క.

నేను యంత్రాన్ని లేపాను. తెర మీద బావ తెరిచిపెట్టిన లెక్కల పట్టిక అలాగే ఉంది. ఏ లారీ ఎప్పుడొచ్చింది, ఎన్ని బస్తాలు దింపింది. ఇప్పుడు మిల్లు లెక్కలు చూసే అక్క, తన పనంతా వేరే పట్టికలో చేసుకుంటూ, దీన్ని ముట్టకుండా ఉంచిందట. నేను దాన్ని పక్కకు జరిపి, నల్ల తెర తెరిచి, నిన్ను చివరిసారి లేపిందెవరని అడిగే కమాండ్ కొట్టాను. ఇప్పుడు దాన్ని లేపింది నేను నొక్కిన కీబోర్డే కనుక అప్పటికి అది చెప్పే జవాబుతో పని లేదు. అందుకని పాత లేపుళ్లన్నీ రాసి ఉండే చోటికి వెళ్లి చూశాను. నిన్న మధ్యాహ్నం, మొన్న సాయంత్రం, అంతకు ముందు రోజు. ప్రతిదాని పక్కనా ఒకే జవాబు ఉంది. యూఎస్‌బీ కంట్రోలర్.

"ఏమంటుంది?" అంది అక్క. ఆమె కుర్చీకి వెనక నిలబడి ఉంది. ఆ కుర్చీలో ఇంతవరకు కూర్చోలేదని, పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పని చేస్తోందని అప్పుడు గమనించాను.

"ఈ వైర్లకు తగిలించిన వాటిల్నే ఏదో లేపిందంటుంది. ఏదో తెలుసుకుంట ఆగు."

ఏ పరికరానికి లేపే హక్కు ఉందో చూపే జాబితా ఒకటి ఉంటుంది. ఒక్కోదాని ఎదుట టిక్కు ఉంటుంది, అది తీసేస్తే ఆ పరికరం ఇక లేపలేదు. జాబితాలో ఒక కీబోర్డు, రెండు మౌస్‌లు ఉన్నాయి. బల్ల మీద ఒకటే మౌస్ ఉంది, నల్ల వైరుది. కొన్ని కీబోర్డులు తమను తాము మౌస్‌గా కూడా చెప్పుకుంటాయి కనుక రెండోదాని గురించి ఆలోచించలేదు. కీబోర్డుకు, మొదటి మౌస్‌కు టిక్కులు తీసేసి, పండబెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చాం.

అత్తమ్మ బయటికి వచ్చి మాతోపాటు అన్నం తిన్నది. నన్ను చూసి, "ఎప్పుడొచ్చినవ్ బిడ్డా," అన్నది. పాప చదువు అడిగింది. మామిడికాయ పప్పు వేయించుకుని రెండోసారి కలుపుకుంది. కంప్యూటర్ ఊసు ఎత్తొద్దని అక్క ముందే చెప్పింది కాబట్టి, నేనెందుకు వచ్చానో చెప్పలేదు. చేయి కడుక్కుని ఆమె గదిలోకి వెళ్లిపోయింది. గడియ పడిన చప్పుడు వినిపించింది.

అక్కా నేనూ ఆఫీసు గదిలో కూర్చున్నాం. బయట ఎండకు వీధి మొత్తం మూగబోయింది. ఎక్కడో ఇంటి మీద నీళ్ల ట్యాంకు నిండి కారుతున్న చప్పుడు తప్ప మరేమీ లేదు. ఫ్యాన్ కూడా వేయలేదు, బల్ల కదలకూడదని. నాకు కళ్లు మూతలు పడుతున్నాయి. అక్క నా మోచేయి పట్టుకుంది.

డబ్బాలో ఫ్యాన్ గుయ్యిమంది. తెర వెలిగింది.

ఇద్దరం బల్లకు దూరంగా ఉన్నాం. నేను లేచి వైరు మౌస్‌ను కంతలోంచి లాగేశాను. అది తోకతో సహా నా చేతిలో ఉంది. తెర మీద బావ పట్టిక, దాని మీద బాణం గుర్తు. అది కదిలింది.

మెల్లగా, ముందు కొంచెం పక్కకు జరిగింది. ఆగింది. ఆగిన చోట చిన్నగా వణికింది. తర్వాత గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఒక చిన్న చుట్టు, దాని మీదే ఇంకో చుట్టు. మిల్లు యంత్రాల అదురుకు అలా కదలదు. నేను ఎన్నో పాడైన మౌస్‌లు చూశాను. పాడైనవి గెంతుతాయి, తెర అంచుకు పోయి అతుక్కుంటాయి. ఇది ఆలోచిస్తున్నట్టు తిరిగింది.  

"సూసినవా," అంది అక్క. ఆమె గొంతులో భయం లేదు. నేను భయపడింది అందుకు. "లెక్క తేలకపోతే అట్లనే తిప్పేటోడు. అంకె సుట్టూ తిప్పుకుంట కూసునేటోడు."

నిజమే. బావ పక్కన కూర్చుని నేనూ చూశాను. ఎప్పుడూ అలాగే తిప్పేవాడు.

అక్క కుర్చీకి కొంచెం దగ్గరగా జరిగింది. ఏదో అడగబోతున్నట్టు పెదవులు కదిలాయి. ఆమె ఆ మాట అనేలోగా నేను బల్ల కిందికి దూరాను. ఎందుకంత తొందరపడ్డానో చెప్పలేను. ఆమె ఆ గదిలో ఎవరితోనో మాట్లాడటం నేను వినదలచుకోలేదు, అంతే. డబ్బా వెనక దుమ్ము, సాలెగూడు. ఫోన్ వెలుతురు పట్టి ఒక్కో వైరు తడిమాను. అన్నిటికంటే కింద, గోడ వైపు కంతలో, గోరంత నల్ల బిళ్ల ఒకటి గుచ్చి ఉంది. వైర్‌లెస్ మౌస్ మాటలు వినే రిసీవర్ అది.

లాగేశాను. "ఆగింది," అంది పైనుంచి అక్క.

బయటికి వచ్చి చూస్తే బాణం ఒక లారీ నంబరు మీద నిలిచిపోయి ఉంది.

"అక్కా, దీని మౌస్ యాడుంది?"

"ఆయన మౌసా? కనవడలే. పదకొండో దినం దాటినంక గది ఊడుస్తుంటే సూసిన, లేదు. మిల్లుల ఎవలన్న తీస్కపోయిండ్రేమో అనుకున్న. అందుకే ఇది కొన్న."

జాబితాలోని రెండో మౌస్ ఏమిటో అప్పుడు తెలిసింది. సొరుగులు, అలమర, సోఫా దిండ్లు, పాత కాగితాల కట్టలు అన్నీ వెతికాం. దొరకలేదు. ఏ ఎలుకో ఈడ్చుకుపోయి ఎక్కడో ఇరికించి ఉంటుందని, అది కదిలినప్పుడల్లా మౌస్ కదులుతుందని అక్కకు చెప్పాను. చెబుతుంటేనే అది అబద్ధంలా వినిపించింది. రిసీవర్‌ను ఎవరూ మళ్లీ గుచ్చకుండా నా పర్సులో వేసుకున్నాను.

"ఇగ లేవదా?" అంది అక్క, నన్ను బస్సెక్కించేటప్పుడు.

"లేవదు."

ఆమె తల ఊపింది. కంప్యూటర్ బాగు చేయించుకోవడానికి నన్ను పిలవలేదని, తను చూస్తున్నది నాకూ కనిపిస్తుందో లేదో తెలుసుకోవడానికి పిలిచిందని బస్సు కదిలాక నాకు అర్థమైంది.

సూర్యాపేట దాకా పర్సు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎలుక సంగతి నా మనసుకు ఎక్కలేదు. ఆ బిళ్ల వినగలిగింది పది అడుగుల దూరమో, గోడ అవతలి దూరమో. అంటే ఆ మధ్యాహ్నం, మేమిద్దరం ఊపిరి బిగబట్టి తెర చూస్తున్నంతసేపూ, ఆ ఇంట్లోనే ఎక్కడో ఆ మౌస్ మీద ఒక చెయ్యి ఉంది.

మర్నాడు కోదాడలో కాలేజీకి వెళ్లేముందు ఒక కంప్యూటర్ల షాపు దగ్గర ఆగాను. బావకు ఆ సరుకంతా అమ్మింది ఆ షాపాయనే. ఇద్దరూ స్నేహితులు కూడా. రిసీవర్ చూపించగానే గుర్తుపట్టాడు.

"నేనిచ్చిందేనండీ. అన్నగారే వచ్చి పట్టుకెళ్లారు. చెయ్యి పెద్దదని నాలుగైదు మౌసులు పట్టుకు చూసి మరీ తీసుకున్నారు."

"పక్క గదిలో ఉన్నా పని చేస్తుందా?"

"గోడ ఒకటైతే చేస్తుందండీ. కానీ ఎవరో ఒకరు ముట్టుకోవాలి కదా." ఆయన నా ముఖం చూసి, వెంటనే మాట మార్చాడు. "ఏమైందండీ, ఇంట్లో అంతా బాగేనా?"

బాగే అని చెప్పాను. కాలేజీలో క్లాసు అయ్యాక, ల్యాబ్ ఖాళీ అయినప్పుడు, రిసీవర్‌ను ఒక కంప్యూటర్‌కు గుచ్చి ముందు కూర్చున్నాను. మౌస్ మిర్యాలగూడలో ఉంది, రిసీవర్ కోదాడలో. ఏమీ జరగదని నాకు తెలుసు. పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, తెలియకేం. అయినా బాణం మీదే కళ్లు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఫ్యాన్ గాలికి కర్టెన్ కదిలి దాని నీడ తెర మీద పడితే లేచి నిలబడ్డాను.

అప్పుడే అక్క ఫోన్.

"అత్తమ్మ పొద్దటి నుంచి ఏం తింటలేదే. రాత్రి గూడ తినలే. తలుపు దగ్గర నిలవడి అడిగితే ఒక్కటే మాట అంటున్నది."

"ఏమంటుంది?"

"మీ చెల్లె ఏం తీస్కపోయింది, అంటున్నది."

నేను పర్సు వైపు చూశాను. తర్వాత కంప్యూటర్ వైపు చూశాను, రిసీవర్ దానికే ఉంది కనుక.

"నువ్వు చెప్పినవా అక్కా?"

"నేనేం జెప్పలే. నువ్వు ఎందుకొచ్చినవో గూడ ఆమెకు తెల్వదు. అవుతల గదిల పండుకునుండె గద. ఆమెకెట్ల తెలిసింది?" గొంతు తగ్గించి అంది. "ఆయన చెప్పిండా?"

సగం రోజు సెలవు చీటీ రాసిచ్చి, హుజూర్‌నగర్ మీదుగా పోయే బస్సెక్కాను. దారి పొడవునా వరి కోసిన మళ్లు, వాటిలో ఎండ.  తెలిసిన విద్యంతా తలలో తిరిగేసినా, మూసిన తలుపు వెనక నిద్రపోతున్న మనిషికి గోడ అవతల గోరంత బిళ్ల తీసిన సంగతి ఎలా తెలుస్తుందో తేలలేదు. నేరేడుచర్ల దాటాక ఒక ఆలోచన వచ్చింది. 

ఇంటికి చేరి, చెప్పులు విప్పి, నేరుగా అత్తమ్మ తలుపు దగ్గరికి వెళ్లాను.

"అత్తమ్మా, నేను. తీస్కపోయింది తెచ్చిన."

గడియ తీసింది. గది చీకటిగా ఉంది. కిటికీకి దుప్పటి కట్టుకుంది. మంచం మీద కూర్చుని నన్ను చూసింది. ఒక్క రోజులోనే బుగ్గలు లోపలికి పోయినట్టున్నాయి. అక్క నా వెనక గుమ్మంలో నిలబడింది.

"నీ దగ్గరున్నది జర సూపిస్తవా?" అన్నాను.

ఆమె కొంగు ముడిలోంచి చెయ్యి తీసి తెరిచింది. బావ మౌస్. పెద్ద చేతికి సరిపడే నల్ల మౌస్, ఆమె అరచేతిలో అటూ ఇటూ పొర్లింది. అక్క నోటి నుంచి చిన్న చప్పుడు వచ్చింది.

"నిన్నటిదాంక మంచిగుండె," అంది అత్తమ్మ. "పట్టుకుంటే కింద కన్ను తెరిసేది. ఎర్రగ. నేను తిప్పినంతసేపు తెరుసుకోనే ఉండేది. నువ్వొచ్చి పోయిన కానుంచి తెరుస్తలేదు. జర మెరుస్తది, ఇగ సచ్చిపోతది. నువ్వేదో తీసినవ్ అనుకున్న."

ఆమె తిప్పి చూపించింది. అడుగున ఎర్ర దీపం ఒక్కసారి వెలిగి, రిసీవర్‌ను వెతుక్కుని, దొరక్క ఆరిపోయింది. చీకట్లో ఆ ఎరుపు ఒక క్షణం ఆమె వేళ్ల సందుల్లో కనిపించి పోయింది. ఆ గదికి దుప్పటి ఎందుకు కట్టుకుందో అర్థమైంది.

"ఇది నీ దగ్గరికెట్ల వచ్చింది అత్తమ్మా?" అంది అక్క. గుమ్మంలోంచి కదలలేదు.

 అత్తమ్మ మౌస్‌ను ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో రాసింది.

"నేనే మొదలు సూసింది. చాయ్ తాగుతవా అనుకుంట పోయిన. పలుకలే. కుర్సీల కూసునే ఉన్నడు, తల గీట్ల వాల్చి. నిద్రవట్టిందేమో అనుకున్న. చెయ్యి దీని మీదనే ఉండె." ఆమె తన చేతిని మౌస్ మీద బోర్లించి చూపింది. "లేపిన. చెయ్యి లేపుదామంటె రాలే. ఏలు ఏలు ఇడిపిచ్చిన. ఇడిపిచ్చినంక ఇది ఎలుగుతనే ఉండె. ఆని చెయ్యి తీసినా ఎలుగుతనే ఉండె. దాన్ని ఆడ ఇడిసిపెట్టి రాబుద్ధి గాలే. కొంగుల ఏసుకున్న. ఆ తర్వాతనే మందిని పిలిచిన."

 వీధిలో ట్రాక్టర్ ఒకటి పోయింది.

"బాధపడ్డడా?" అంది అక్క. ఇన్ని నెలల్లో అడగని మాట అది.

"లేదు బిడ్డా. మొఖం మంచిగుండె. ఏదో లెక్క జూసుకుంటున్నట్టే ఉండె."

నేను ఆఫీసు గదిలోకి వెళ్లి, బల్ల కిందికి వంగి, రిసీవర్‌ను దాని కంతలో గుచ్చి, కంప్యూటర్‌ను మళ్లీ పండబెట్టాను. "ఇప్పుడు సూడు అత్తమ్మా," అని కేకేశాను.

గోడ అవతల ఆమె ఏం చేసిందో నేను చూడలేదు. నాకు కనిపించింది ఇవతలిది. దీపం ఊపిరి ఆగింది, ఫ్యాన్ గుయ్యిమంది, తెర వెలిగింది. బాణం లారీ నంబరు మీది నుంచి కదిలి, వణికి, గుండ్రంగా తిరగసాగింది. లేపిందెవరో ఇప్పుడు నాకు తెలుసు. తెలిసి కూడా ఆ చుట్లు చూస్తుంటే వీపు జలదరించింది. చదువుకోని ఆ తల్లి ఎప్పుడూ ఆ తెరను చూసి ఎరగదు. కొడుకు అంకెల చుట్టూ ఎలా తిప్పేవాడో ఆమెకు తెలిసే దారి లేదు. దీపం వెలగడానికి దాన్ని ఒళ్లో అటూ ఇటూ తిప్పి ఉంటుంది, అంతే. అది ఆ చుట్టే తిరిగింది.

అక్క నా పక్కకు వచ్చి నిలబడింది. తెర చూసింది, గోడ చూసింది. ఇన్నాళ్లు తను వరండాలో కుర్చీ వేసుకుని ఎదురుచూసింది, పది అడుగుల దూరంలో ముసలామె చీకట్లో కూర్చుని ఎర్ర దీపం చూసుకుంది. ఒకరికి తెర వెలిగితే, ఇంకొకరికి కన్ను తెరుచుకునేది. ఇద్దరూ ఆయనే పలికాడనుకున్నారు. ఒకరికొకరు చెప్పుకోలేదు.

"ఆయన గాదన్నమాట," అంది అక్క. బావ కుర్చీ మీద ఆనించిన చెయ్యి తీసింది.

ఆ రోజు సాయంత్రం అత్తమ్మ అన్నం తిన్నది. రిసీవర్‌ను తీయమంటావా, ఉంచమంటావా అని అక్కను అడిగాను. తీస్తే తన యంత్రం మామూలుగా నిద్రపోతుంది, అత్తమ్మకు దీపం ఆరిపోతుంది. ఉంచి, లేపే హక్కు మాత్రం తీసేస్తే దీపం వెలుగుతుంది, తెర వెలగదు. ఆ రెండో దారి చెప్పినప్పుడు అక్క ఒప్పుకుంటుందనుకున్నాను.

"దేన్నీ తియ్యకు. అట్లనే ఉండనీ," అంది. "లేచినప్పుడల్ల ఆమె మెలకువతోటి ఉందని తెలుస్తది గద."

తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో అక్క ఫోన్లలో చెప్పగా విన్నదే. మధ్యాహ్నం తెర వెలిగితే అక్క లేచి అత్తమ్మ గదిలోకి పోతుందట. మొదట్లో ఇద్దరూ ఊరికే కూర్చునేవాళ్లట. ఆ తర్వాత అత్తమ్మ ఆ రోజు సంగతే మళ్లీ చెప్పేదట, కొంచెం కొంచెం ఎక్కువగా. బావ పొద్దున ఏం తిన్నాడు, సూర్యాపేటకు ఏ చొక్కా వేసుకుని పోదామనుకున్నాడు, ఇస్త్రీకి ఏది తీసిపెట్టాడు. అక్కకు తెలియని ఆ పూట మొత్తం ముక్కలు ముక్కలుగా ఆమె చేతికి వచ్చింది. కిటికీకి కట్టిన దుప్పటి ఒకనాడు ఉతకడానికని తీసి, మళ్లీ కట్టలేదట.

వానలు పడే రోజుల్లో నేను మిర్యాలగూడ వెళ్లినప్పుడు ఆఫీసు గదిలో మాటలు వినిపించాయి. గుమ్మంలో ఆగాను. బావ కుర్చీలో అత్తమ్మ కూర్చుని ఉంది. ముందు బల్ల మీద ఆ మౌస్. అక్క పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఉంది.

"నువ్వు ఇటు జరిపితే అది గూడ ఇటు జరుగుతది. సూడు," అంటోంది అక్క.

అత్తమ్మ చెయ్యి జరిపింది. బాణం జరిగింది. ఆమె చెయ్యి ఆపి, ముఖం తెరకు దగ్గరగా పెట్టి, చాలాసేపు చూసింది. మళ్లీ జరిపింది.

"ఇన్నొద్దులు నేను తిప్పుతుంటే, ఈడ ఇది తిరిగిందా?"

"తిరిగింది."

"నువ్వు సూసినవా?"

"సూసిన అత్తమ్మా. రోజూ సూసిన."

 అత్తమ్మ బాణాన్ని ఒక మూల నుంచి ఇంకో మూలకు, తొందర లేకుండా, లారీల నంబర్ల మీదుగా నడిపించుకుంటూ పోయింది. నేను చప్పుడు చేయకుండా వంటింట్లోకి వెళ్లి చాయ్ పెట్టాను.

ఈమధ్య అక్క ఫోన్ చేసి ఆ మౌస్‌కు ఏ సెల్లులు పడతాయని అడిగింది. అడుగున మూత తీస్తే పాతవి కనిపిస్తాయని, అవే కొలతవి తెమ్మని చెప్పాను.

"నన్ను తియ్యనిస్తలేదు," అంది. "సెల్లులు తెచ్చి ఇయ్యిమంటున్నది. మూత తనే తీస్తదట."

"తీయనియ్యి," అన్నాను. వెనక నుంచి అత్తమ్మ గొంతు, ఎవరే ఫోన్ల అని అడగడం వినిపించింది.